అక్క బండి కింద చుక్క

ఆఁ, నడిపేదమ్మా, ఎందుకు నడపదు? మీ నాన్న చెప్పలేదూ? చెప్పడు. వాళ్లమ్మ పికప్పు వేసుకుని వీధిలో హారన్ కొడుతూ వస్తుంటే తలుపు చాటుకు తప్పుకునే రకం వాడు. ఆ స్టూలు లాక్కుని కూర్చో, ముందు దాన్ని ఆ గుడ్డతో తుడువు, గ్రీజు అంటితే మీ అమ్మ నన్నంటుంది. ఏం చెబుతున్నానూ... ఆ, మీ నానమ్మ. నాకు అక్క. మీ తాత పోయాక బండి అమ్మెయ్యమని అందరూ చెప్పినవాళ్లే. "బండి అమ్మితే తిని కూర్చోవాలి, తిన్నాక ఏం చెయ్యాలి?" అని అడిగేది. ఆఖరికి తనే వెళ్లి నడపడం నేర్చుకుంది. గోడకు గుద్దింది, గేటుకు గుద్దింది, ఒకసారి నిలబడి ఉన్న నా స్కూటరుకు గుద్ది "అడ్డంగా ఎందుకు పెట్టావురా" అని నన్నే తిట్టింది. ఆ తర్వాత బాగానే నడిపిందిలే. లాండ్రీలో ఉతికిన దుప్పట్లు ఆసుపత్రికి చేర్చే పని. తెల్లటి దుప్పట్లు, మూటలు మూటలు. ఆ మూటల మధ్యలోంచి దిగుతుంటే అక్కకు ఎంత ఠీవి వచ్చేదో.

అదుగో, సరిగ్గా ఆ బండికే కారడం మొదలైంది. వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఉబ్బుగా ఉంటుంది చూశావూ, దాన్ని డిఫరెన్షియల్ అంటారు. ఇంజిన్ వైపు నుంచి వచ్చే పొడుగు షాఫ్టు అక్కడే తగులుకుంటుంది. ఆ తగులుకునే చోట ఓ రబ్బరు సీలు, పినియన్ సీలంటాం, లోపలి నూనె బయటికి రాకుండా. అది అరిగిపోతే పడిశం పట్టిన పిల్లాడి ముక్కులాగా కారుతూనే ఉంటుంది. ఆసుపత్రి పెద్దనర్సు చండశాసనురాలు. "నా గచ్చు మీద ఇంకొక్క నూనె చుక్క పడిందా, నీ బండి గేటు దాటదు" అంది. మీ నాన్నకు అదే కావాలి. "పోనీలేమ్మా, ఎలాగూ రానివ్వరు, అమ్మేద్దాం, హాయిగా ఇంట్లో కూర్చో" అన్నాడు. పాపం వాడూ ప్రేమతోనే అన్నాడులే. అక్క తిన్నగా నా షెడ్డుకొచ్చింది. "ఒరే, ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదురా. చుక్క ఆగితే బండి ఉంచుదామని మావాడు ఒప్పుకున్నాడు. ఆపు" అంది. అంతే. ఆపు అని ఆర్డరు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "ఓస్, ఇంతేనా? పొద్దున్నే వచ్చి తీసుకెళ్లు" అన్నాను. ఆ రోజుల్లో నా నోటికి బ్రేకులుండేవి కావు.

అయితే పని మాత్రం పద్ధతిగానే చేశాను, అబద్ధమెందుకు. షాఫ్టు విప్పేముందు ఎక్కడ ఎలా కూర్చుందో గీత పెట్టుకోవాలి, నట్టుకూ పెట్టుకోవాలి. మళ్లీ బిగించేటప్పుడు సరిగ్గా అక్కడికే రావాలి. కండలున్నాయి కదాని తెగబిగిస్తే లోపల బేరింగులు నలిగి బండి వీధి పొడుగునా ఏడుస్తూ పోతుంది. అవన్నీ చూసుకున్నాను. పాత సీలు పీకాను, కొత్తదాని అంచుకు నూనె రాసి నెమ్మదిగా చుట్టూ తట్టి కూర్చోబెట్టాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఇరుసు చూస్తే తుప్పు పట్టి ఉంది. షెడ్డులో ఓ డబ్బా వెండి రంగు మిగిలి ఉంది. ఇంకేం, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా పూశాను. ఆరాక మళ్లీ పూశాను. ఇరుసుకు రంగేసినవాణ్ణి ఎక్కడన్నా చూశావా నువ్వు? దాన్ని చూసేదెవరు, వీధికుక్కలు తప్ప? అక్క వచ్చి వంగి చూసి "అబ్బో, నా మొహానికి కూడా ఇంత మెరుపు లేదురా" అంది. నేను ఆ పూటంతా నేల మీద లేను.

మళ్లీ కారింది. నవ్వకు, ఇంకా ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను సీలు మీద పడ్డాను. స్పేర్ పార్టుల కొట్టుకెళ్లి "ఇది రబ్బరా, వంకాయ తొక్కా?" అని కేకలేశాను. అతను గడుసువాడు, "అన్నా, నీ గొంతుకు నా అద్దాలు పగులుతాయి, ఇంకోటి పట్టుకెళ్లు" అన్నాడు. వేశాను. అదీ కారింది. అప్పుడు నూనె మంచిది కాదన్నాను. రోడ్డు మంచిది కాదన్నాను. ఆఖరికి అక్కనే పట్టుకుని "గుంటల్లో అంత జోరుగా పోతే సీలు ఏం ఆగుతుంది?" అన్నాను. "సరేరా, మెల్లగా పోతాలే" అంది. ఎప్పుడడిగినా "ఒక చుక్కరా, అంతే, తగ్గిపోయినట్టే" అనేది. ఆసుపత్రిలో ఏమన్నారే అంటే "ఏమనలేదు" అనేది. ఏమనరు మరి, నా పనితనం చూసి ఊరుకున్నారనుకున్నాను. చూశావా నా తెలివి! మీ నాన్న మాత్రం ఊరుకోలేదు. ఆదివారం కొనేవాణ్ణి తీసుకొస్తున్నానని కబురు పెట్టాడు.

శనివారం మళ్లీ బండి కింద దూరాను. అక్క అప్పుడే తోలుకొచ్చింది, ఇరుసు వేడి మీద ఉంది. నూనె ఎంత ఉందో చూద్దామని బిరడా వదులు చేశానో లేదో, ఉస్సుమని గాలి! నా మొహం నిండా నూనె. అలాగే పడుకుని ఆలోచించాను. ఇంత గాలి లోపల ఎందుకుంది? ఇరుసు పైన చిటికెనవేలి కొనంత మూత ఒకటుంటుందమ్మా, బ్రీదరంటారు. వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోయే దారి. చెయ్యి పైకి పెట్టి తడిమితే ఏముంది, నున్నగా, అందంగా, నా వెండి రంగు! దారి మూసి పారేశాను. ఊపిరాడక లోపలి నూనె పాపం సీలునే తోసుకుని బయటపడుతోంది. ఎన్ని సీళ్లు మారిస్తే మాత్రం ఏం లాభం? మూత పీకి, రంగంతా గీకి, గాలి ఊది చూసి, ఇంకో సీలు వేశాను. తెల్లారి కింద పరిచిన పాత పేపరు పొడిగా ఉంది. మీ నాన్న మోకాళ్ల మీద కూర్చుని ఆ పేపరును కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. ఆ వచ్చినవాడేమో "ఇరుసుకు రంగేసిన బండి ఇదే చూడటం, ఎంత బాగా చూసుకున్నారండీ, నాకే కావాలి" అని ఒకటే గొడవ. అక్క తాళాలు కొంగున కట్టుకుని "అమ్మేది లేదు, వెళ్లిరా నాయనా" అంది. చుక్క ఎలా ఆగిందిరా అని అక్క అడిగితే నేనేమన్నానో తెలుసా? "ఈసారి మంచి సీలు దొరికిందే" అన్నాను. ఆ కొట్టువాడు ఏ లోకంలో ఉన్నా నన్ను క్షమించాలి.

తర్వాత చాలా ఏళ్లు నడిపిందమ్మా. చేతులు వణికేదాకా. అక్క పోయినప్పుడు ఆసుపత్రి గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చాడు. ముసలాడు, చేతికర్రతో. నేనెవరో చెప్పగానే "ఓహో, ఆ తమ్ముడు మీరేనా" అన్నాడు. కారిన ఆ రోజుల్లో అక్క రోజూ బండి గేటు బయటే ఆపేదట. కింద దూరి గుడ్డతో తుడిచి, అప్పుడు లోపలికి తీసుకెళ్లేదట. మూటలు దించినంతసేపూ కింద పాత గోనె పరిచి, పనయ్యాక చుట్టి సీటు కింద పెట్టుకునేదట. చీరంతా దుమ్ముతో లేచేదట. "ఎందుకమ్మా ఈ తిప్పలు, ఇంకో షెడ్డులో చూపించరాదూ" అన్నాడట వాచ్‌మన్. "నా తమ్ముడుండగా నా బండి మీద ఇంకొకడు చెయ్యి వేస్తాడా?" అందట. "పోనీ ఆ తమ్ముడికైనా చెప్పు, ఇంత కారుతోందని" అంటే, "చెబితే వాడికి నిద్ర పట్టదు బాబూ" అందట.

నేనేమో హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాను.

...వాన వచ్చేట్టుంది. ఆ షట్టరు సగం దించమ్మా.