కౌడిపల్లిలో ఐలమ్మ

1949 ఎండాకాలం. మెదక్ బస్తీలో, దిక్కులేని ఆడపిల్లల కోసం సహాయ సంఘం వారు కిరాయికి తీసుకున్న ఇల్లు. ఆ ఇంటిని చూసుకునే రాహేలు, పిల్లల స్థితిగతులు విచారించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన లలితమ్మ వసారాలో కూర్చున్నారు. మధ్యాహ్నం దాటింది.

"మరి మూడో పిల్ల?"

"చెప్తున్న గద రాహేలమ్మా. జర నీళ్ళు తాగనియ్యండ్రి. నర్సాపూర్ కాన్నుంచి బస్సుల నిలబడే వచ్చిన."

"తాగుండ్రి, తాగుండ్రి. రంజన్ల నీళ్ళు, సల్లగుంటయి."

"ఇద్దరి సంగతి చెప్పిన గద. ఒకామె అమ్మమ్మ కాడ మేకలు కాసుకుంట కడుపు నిండ తింటున్నది. ఇంకొకామెను చిన్నాయిన బడికి తోలుతున్నడు. ఎవరు గూడ ఏడుస్తలేరు. అంతకంటె ఏం కావాలె?"

"అది విన్న. మూడో పిల్లను అడుగుతున్న. ఐలమ్మను."

"కౌడిపల్లి ఐలమ్మ. బాగుంది."

"బాగుందా?"

"బాగుంది. ఎందుకట్ల చూస్తున్నరు? ఎండల ఊర్లన్ని తిరిగొచ్చి ఒక్క మంచి మాట చెప్పుదామనుకుంటె."

"ఏం లేదు. ఎండకు కండ్లు మండుతున్నయి. చెప్పుండ్రి, ఎట్ల బాగుంది?"

"మేనమామ గాలయ్య ఇంట్లనే ఉంది. చిన్న గుడిసె గని అలికి సాఫ్‌గ పెట్టుకున్నరు. నేను పోయేసరికి గాలయ్య గడప ముందర తాడు పేనుతున్నడు. సంఘం తరఫున వచ్చిన, మీరు తెచ్చుకున్న పిల్లను చూడాలె అంటె లేచి నిలబడ్డడు. చేతిల తాడు కింద పడ్డది పాపం."

"రజాకార్లను చూసిండు, మిల్ట్రీని చూసిండు. ఎవరొచ్చిన భయపడుతనే ఉంటడు. పిల్లను పిలిచిండా?"

"ఆయన పిలవలె. భార్య యాదవ్వ ఇంట్లకు పోయి చాన సేపటికి తోలుకొచ్చింది. తల దువ్వి, మంచి రైక తొడిగిచ్చి."

"ఎట్లున్నది?"

"సన్నగ. చామనఛాయ. పెద్దపిల్ల అనుకోని పోయిన గని పొట్టిగనే ఉంది. తిండి లేక ఎదగలేదేమొ అనుకున్న."

"మీరు ఐలమ్మను ఇంతకుముందు చూడలే గద?"

"ఎట్ల చూస్త? పిల్లను మామకు అప్పజెప్పిన నాడు ఈ పనిల మదన్ మోహన్ ఉండె. ఆయన పోయినంకనే నేనొచ్చిన. అన్ని అడిగిన రాహేలమ్మా. తింటున్నవా అంటె తలూపింది. కొడుతున్నరా అంటె లేదన్నది. మెదక్ ఇల్లు యాదికొస్తదా అని గూడ అడిగిన."

"ఏమన్నది?"

"తలుపు దిక్కు చూసింది."

"నా పేరు తీసిందా?"

"లేదు."

"కిష్టవ్వ పేరు? వంట చేసే కిష్టవ్వ. ఐలమ్మ ఆమె పక్కకే పండుకుంటుండె. ఆమె లేకుంటె నిద్రే పోకపోతుండె."

"లేదమ్మా. పిల్లలు మరిచిపోతరు. మరిచిపోవుడే మంచిది ఒక్కోసారి. తండ్రిని రజాకార్లు కాల్చిరి, పిల్లను తోలుకొచ్చిన తల్లి మీ ఇంట్లనే జరమొచ్చి పాయె. గవన్ని యాదిల పెట్టుకోని ఏం చేస్తది?"

"అంతే లెండ్రి."

"వచ్చేటప్పుడు మాత్రం తనంతట తానే ఒక మాటన్నది. నేను మంచిగున్న, నా కోసం ఎవ్వరు రావద్దని చెప్పుండ్రి అన్నది. గట్టిగ అన్నది. అప్పటిదాక తల దించుకొనే ఉండె."

"ఎవ్వరు రావద్దన్నదా?"

"అట్లనే అన్నది. బతుకు కుదురుకుంది, మనం పోయి మల్ల కెలుకుడు దేనికి అనుకున్న. ఇంక యాదవ్వ సంగతి చెప్త వినుండ్రి. నేను బొంబాయిల ఈ పని చదువుకొని వచ్చిన కాన్నుంచి ఎన్నో ఇండ్లు చూసిన. దిక్కులేని పిల్లను మేనమామల భార్యలు ఎట్ల చూస్తరో నాకు తెల్వదా? ఈమె గట్ల కాదు. పిల్ల తల మీదికెల్లి చెయ్యి తియ్యలె. నన్ను సాగనంపుతందుకు బజార్దాక వచ్చి, పిల్ల వినకుండ చెప్పింది. శుక్కురారం పిల్లను దొర గడికి, ఆ కోట లెక్కున్న ఇంటికి, పనికి తోలుతున్నరట. ఆడనే ఉంటదట. తిండికి బట్టకు కొదువ లేదు గని పిల్లకింక చెప్పలేదు అన్నది. అని కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్చింది. కడుపుల పుట్టిన పిల్ల లెక్క."

"గడికా?"

"ఆఁ. దొర పోలీస్ యాక్షన్ అయినంక పట్నం నుంచి వాపసొచ్చిండట. గడి మల్ల తెరిచిండ్రు. పనికి మనుషులు కావాలె గద."

"దానికి మీరేమన్నరు?"

"ఏమంట? మంచిదే అన్న. క్షేమంగ ఉంది, పని దొరికింది అని రాసుకున్న."

"ఊఁ."

"గిట్ల ఊఁ అనకుండ్రి రాహేలమ్మా. గడిల పనంటె వెట్టి అని నాకు గూడ తెలుసు. కాని ఇప్పుడు వెట్టి లేదంటున్నరు గద, కొత్త సర్కారొచ్చింది. ఎంతమంది ఇండ్లల్ల పూట గడుస్తలేదు, మీరు చూడలేదు. ఒక్క ఇంటి మీద అనుమానం పెట్టుకుంటె అన్ని ఇండ్ల మీద పెట్టుకోవాలె. నాకు ఓపిక లేదు. నిజం చెప్తున్న, అలిసిపోయిన."

"నేను మిమ్మల్ని ఏమన్న అన్ననా? అందరం అలిసినోళ్ళమే. మీరు రాసింది సంఘానికి పోతె ఏమయితది?"

"సంఘం చూస్తది. సుట్టాల కాడ పిల్లలు క్షేమమే అని తేలితె వానకాలం లోపల ఈ ఇల్లు బందు చేస్తరు. ఇంక ఉన్న పిల్లలను గూడ సుట్టాలకు అప్పజెప్తరు."

"సుట్టాల ఇంటికెల్లి తప్పిచ్చుకోని వచ్చిన పిల్ల ఉంటె?"

"తీసుకపోయినోళ్ళకే వాపసియ్యాలె. రూలు మీకు తెలిసిందే గద. ఎందుకడుగుతున్నరు?"

"ఒకటడుగుత. గట్ల ఒక పిల్ల వచ్చి మీ ముందర నిలబడ్డదనుకోండ్రి. వాపసిస్తరా?"

"ఏ పిల్ల?"

"ఎవరన్న కానీ. రూలు ఇడిసిపెట్టి చెప్పుండ్రి."

"అబద్ధం చెప్పే ఓపిక గూడ లేదు నాకు ఇయ్యాల. అది ఇష్టంతోని వచ్చిందా, భయంతోని వచ్చిందా అడుగుత. భయంతోని వస్తె ఇయ్యను."

"మాట తప్పరు గద?"

"తప్పను. ఏంది రాహేలమ్మా, ఏమైంది?"

"ఐలమ్మా. బయటికి రా బిడ్డా. భయం లేదు. ఈమె ఇయ్యనన్నది, విన్నవు గద. రా, నా పక్కన కూసో."

"ఎవరీ పిల్ల?"

"ఐలమ్మ. మన ఐలమ్మ. ఉగాది ముందర కౌడిపల్లికెల్లి ఒక్కతె నడుసుకుంట వచ్చింది. కాళ్ళు పుండ్లయినయి. మీకు చెప్తె వాపసు తోలుమంటరని నేనే లోపల దాసిన. మీరు ఆ ఊరికి పోతున్నరని తెలిసినప్పటి సంది నా పానం పానంల లేదు. పిల్ల ఆడ లేదని మీరు లొల్లి చేస్తరనుకున్న. మీరేమొ వచ్చి బాగుందంటున్నరు."

"ఆగుండ్రి. ఆగుండ్రి. ఈమె ఐలమ్మ అయితె, నేను మాట్లాడి వచ్చింది ఎవరితోని?"

"అదే సమజ్ గాక ఇంతసేపటి నుంచి అడుగుతున్న మిమ్మల్ని."

"ఇన్ని ప్రశ్నలు రాసుకపోయిన. తింటున్నవా, పంటున్నవా, కొడుతున్నరా. నువ్వెవరు బిడ్డా అని ఒక్క మాట అడగలె."

"ఐలమ్మా, నువ్వు తలుపెనకనే ఉన్నవు గద, అంత విన్నవు గద. సన్నగ, పొట్టిగ ఉండె పిల్ల ఎవరు బిడ్డా?"

"దుర్గి, అమ్మా."

"దుర్గి ఎవరు?"

"దుర్గమ్మ. మా మామ బిడ్డ. నా కంటె చిన్నది."

"సొంత బిడ్డనా? గాలయ్య సొంత బిడ్డకు నీ పేరు పెట్టి నాకు చూపించిండా?"

"నేను లేనంటె జైల్ల ఏస్తరని భయమైనట్టుంది. నన్ను తీసుకపోయిన నాడు ఈడ ఏలుముద్ర పెట్టిండు మామ."

"నువ్వెందుకొచ్చినవు మరి? కొట్టిండ్రా?"

"కొట్టలె."

"తిండి పెట్టలేదా?"

"పెట్టిండ్రు. అత్త మంచిగనే చూసింది."

"మరి?"

"చెప్పు బిడ్డా. నాకు చెప్పినట్టే చెప్పు. మెల్లగ చెప్పు."

"దొర వాపసొచ్చినంక గడిల పనికి ఆడపిల్లను పంపుమని మామకు కబురు పెట్టిండట. మామకు దుర్గి ఒక్కతే. అందుకే ఈడికొచ్చి, నా అక్క బిడ్డ అని ఏడ్చి, నన్ను తీసుకపోయిండు. నాకు ముందు తెల్వదు. ఒకనాడు అత్త తల దువ్వింది. మామ ఎనక నడువుమన్నడు. గడిల దొరసాని నా చేతులు తిప్పి తిప్పి చూసింది. నోరు తెరిపిచ్చి పండ్లు చూసింది. పేరేందే అంటె ఐలమ్మ అన్న. ఆ పేరు మా సుట్టాలల్ల ఉంది, ఇంకోటి పెట్టుకుంటం అన్నది. పండుగ అయినంక తోలుమన్నది."

"అప్పుడు వచ్చేసినవా?"

"లేదు. గడి ఎనక బావి కాడ ఒక ముసలామె నీళ్ళు చేదుతుండె. నాకు దూపైతె బొక్కెన ఒంపింది. చిన్నప్పటి సంది ఆడనే ఉంటదట. ఈడికి రాకు బిడ్డా అన్నది. ఎందుకవ్వా అన్న. అందరు నన్ను సిద్దమ్మ అంటరు, నా అసలు పేరేందో నాకే యాదికి లేదు అన్నది. అంతే. మల్ల నా మొఖం చూడలె."

"రాహేలమ్మా."

"ఆఁ."

"యాదవ్వ ఎందుకేడ్చిందో ఇప్పుడు తెలిసింది. కడుపుల పుట్టిన పిల్ల లెక్క అన్న నేను. కడుపుల పుట్టిన పిల్లనే."

"ఐలమ్మ దొరకకపాయె. దొరకు మాటిచ్చిండ్రాయె. ఇంట్ల ఉన్న పిల్లనే తోలుతున్నరు."

"దుర్గినా? దుర్గిని తోలుతున్నరా అమ్మా?"

"నువ్వు ఏడ్వకు బిడ్డా. పెద్దోళ్ళం మాట్లాడుతున్నం గద. ఇయ్యాల బుధారం లలితమ్మా."

"తెలుసు. రేపొక్కనాడే ఉంది. పెద్ద ఆఫీసర్లకు చెప్తె?"

"ఆ దిక్కు పోయిన ఆఫీసర్లు దిగేదె గడిల. ఆడనే తింటరు, ఆడనే పంటరు. ఎవరికని చెప్తరు?"

"సంఘం తరఫున తెద్దామంటె దుర్గి మన పిల్ల కాదు. తల్లిదండ్రులున్న పిల్లల జోలికి మనం పోవద్దు. తల్లిదండ్రులుంటె క్షేమమే అని లెక్క."

"ఎవరి లెక్క?"

"మాదే. నేను చదువుకున్న లెక్క."

"మరి ఊకుందామా?"

"ఊకోను. జర ఆలోచించనియ్యండ్రి. గాలయ్య నాకు ఆ పిల్లను ఎవరని చూపించిండు?"

"ఐలమ్మ అని."

"ఐలమ్మ మన పిల్ల. ఇచ్చిన పిల్లను వాపసు తీసుకునే హక్కు సంఘానికి ఉంది, అది గూడ రూలే. రేపు పొద్దుగాల బస్సుకు పోయి, మా ఐలమ్మను మాకియ్యుండ్రి అంట. కాదమ్మా, ఈమె నా బిడ్డ దుర్గి అనుటానికి గాలయ్యకు నోరెట్ల వస్తది? యాదవ్వ అయితె ఆపదు. తానే మూట కట్టి ఇస్తది, చూస్తుండుండ్రి."

"దొర మనుషులు ఆపితె?"

"ఆపితె ఆడనే కూసుంట. పట్నమామె బజార్ల కూసున్నదంటె పది మందికి తెలుస్తది. అంతకంటె నాకేం తోస్తలేదు."

"నేను సుత వస్త. ఇద్దరముంటె ధైర్యం. ఈ ఇల్లు కిష్టవ్వ చూసుకుంటది."

"కాని రాహేలమ్మా, ఆ పిల్ల వస్తదా మనతోని? నా కోసం ఎవ్వరు రావద్దని గట్టిగ అన్నది గద."

"అది తన కోసం అనలె లలితమ్మా. ఈమె కోసం అన్నది. ఐలమ్మ ఆడనే ఉందని మీరు నమ్ముతె ఈమెను ఎవ్వరు ఎతకరు అని."

"అయితె ఐలమ్మ పారిపోతున్నదని ఆ పిల్లకు ముందే తెలుసా? ఏం బిడ్డా, తెలుసా?"

"తెలుసు. తొవ్వ చూపించింది దుర్గినే. చేన్ల పొంటి సడక్ దాక వచ్చింది. నాకు రెండు రొట్టెలు కట్టిచ్చింది."

"నువ్వు పోతె తనను తోలుతరని తోచలేదా దానికి?"

"నేను చెప్పిన అమ్మా. నన్ను కాకుంటె నిన్ను తోలుతరేమొనే, నువ్వు సుత రా అన్న. నవ్వింది."

"నవ్విందా?"

"నవ్వి, నీకు ఎవ్వరు లేరని తెచ్చిండ్రే పిచ్చిదానా, నాకు అవ్వ నాయిన ఉన్నరు గద, నన్నెందుకు తోలుతరు అన్నది."