పోతురాజు కేక వేస్తేనే

సభకు పెద్దగా కూర్చున్న మా అడితి యజమాని వెంకటసుబ్బారావు గారికి, దుకాణాలు కట్టేసి మరీ వచ్చిన రాజమండ్రి కలప వర్తకులకి, మా దుంగల జట్టుకి, ముందు వరసలోంచి కండువా సర్దుకోమని సైగ చేస్తున్న మా ఆవిడ సంపూర్ణమ్మకి, ఇవాళ్టితో క్రేను పని దిగిపోతున్న ఈ గున్నేశ్వరరావు నమస్కారాలండి. సర్దుకున్నాను లేవే. (నవ్వులు)

మా చిన్న క్రేను ట్రైలరు రాకముందు, తెప్పల మీద దిగిన దుంగల్ని పోతురాజు మేస్త్రి కేక వేస్తుంటే జట్టు భుజాల మీదే లారీకెక్కించేది. ట్రాక్టరు వెనక తగులుకుని, ఇనపతాడుతో దుంగలెత్తి తన మీదే పేర్చుకుని నిడదవోలు దాకా మోసుకుపోయే ఆ ట్రైలరు వచ్చిన రోజున జట్టంతా తువ్వాళ్లు దులుపుకుని ఇక మన పనైపోయిందని నిలబడ్డారండి. అయ్యగారు కొబ్బరికాయ కొట్టి, శుభమా అని మొదటి లీవరు తనే లాగారు. కొక్కెం తగిలించిన దుంగ అవతలి కొస మీద ఇంకో దుంగ ఉంది. అది పైనున్న మాకు కనపడదు కదండీ. దుంగ కదల్లేదు, ట్రైలరు చక్రాలు లేచాయి, వాటితోపాటు అయ్యగారూ లేచారు. (నవ్వులు) ఆయనే చెప్పమన్నారండి, నా తప్పు లేదు.

ఆ రోజే అన్నాను, "అయ్యా, అవతలి కొస చూసి చెప్పే మనిషి లేకుండా నేను లీవరు ముట్టుకోను." అయ్యగారు వెళ్లిపోతున్న పోతురాజుని వెనక్కి పిలిచారు. అప్పట్నుంచి వాడు రెండు కొసలూ చూసి హైలెస్సా అంటేనే నా చెయ్యి కదిలేది. జట్టులో ఒక్కరి కాలూ నలగలేదు. ఈ ఉద్యోగంలో నాకు మిగిలిన తృప్తి అదేనండి.

అయితే మొన్న అయ్యగారబ్బాయి నాగేశ్వరప్రసాద్ బాబు, కొత్త ఆపరేటరు చురుకైనవాడు, ఇక ఈ కేకలెందుకు, పోతురాజుని కూడా పంపించేద్దాం అన్నారట. బాబూ, నా మోకాళ్లు వద్దంటున్నాయి కాబట్టి నేను సంతోషంగా దిగుతున్నాను. వాడికింకా పని చెయ్యాలనుంది. వాణ్ణి నాతోపాటు దింపేస్తే మీరు కప్పిన ఈ శాలువా నేను మొయ్యలేనండి.

అదిగో, అయ్యగారు తల ఊపారు. బాబు కూడా ఊపారు. సభంతా చూసింది, ఇక మాట తప్పడానికి లేదు. (చప్పట్లు)

కడుపు నిండిందండి. ఇంతకాలం భరించిన అందరికీ కృతజ్ఞతలు. ఒరేయ్ పోతురాజూ, స్తంభం చాటున దాక్కుంది చాలు, ఇటు రా. నీ కేక లేకుండా ఏ దుంగా దించినవాణ్ణి కాను, ఈ మెట్లు మాత్రం ఎలా దిగుతాను?

(స్తంభం చాటునుంచి పోతురాజు: "కింద అడ్డం లేదు, దిగండి బాబూ, హైలెస్సా!")

విన్నారు కదండీ. సెలవు.