ఊడిన తీగ

రీగాలో ముసురు పట్టిన మధ్యాహ్నం. పాత వాయిద్యాల కొట్లో ఉల్దిస్ ఒక సింథసైజర్ ముందు నిలబడి ఎంతకీ కదలడం లేదు. కొట్టావిడ టీ కప్పుతో దగ్గరికొచ్చింది.

“ఇంట్లో గోడ నిండా, రంధ్రాల్లో తీగలు గుచ్చి శబ్దం కట్టుకునే మాడ్యులర్ పెట్టెలు పెట్టుకుని మళ్ళీ ఇదెందుకయ్యా నీకు? బొత్తాం నొక్కితే మోగేది కూడా వాయిద్యమేనా అని నన్ను ఏడిపించేవాడివిగా!”

“ఇదైతే మనం చేసిన శబ్దాన్ని గుర్తుపెట్టుకుంటుంది కదండీ. ఆ పెట్టెల్లో తీగలు పీకితే శబ్దం పోయినట్టే.”

“పోతే ఇంకోటి కట్టుకుంటావు. ఇన్నేళ్ళూ చేసిందదేగా?”

“పీకలేనండీ. ఆస్పత్రికి వెళ్ళే రోజు పొద్దున విజ్మా కలిపిన తీగలవి.”

ఆవిడ కప్పు కింద పెట్టింది.

“నీ పెళ్ళాం పోయి ఏడాది దాటింది. ఇంకా అలాగే ఉంచావా?”

“స్విచ్చి కూడా ఆపలేదు.”

“రికార్డన్నా చేసుకోకపోయావా?”

“తీగలుండగా రికార్డెందుకనుకున్నాను. రికార్డెప్పుడూ ఒకేలా పడి ఉంటుంది. ఆ తీగల శబ్దమైతే రోజుకోలా మారుతుంది, తనే పక్కన కూర్చుని నాబులు తిప్పుతున్నట్టు.”

“అయితే దాని జోలికి పోకు. ఇది పట్టుకెళ్ళి నీ పాట నువ్వు చేసుకో.”

“నిన్న దుమ్ము తుడుస్తుంటే ఒక తీగ ఊడొచ్చింది.”

“అయ్యో! ఎందులోంచి?”

“చూసుకోలేదు. ఆ చుట్టుపక్కల అన్నీ ఖాళీ రంధ్రాలే.”

“ఒక్కోదాంట్లో పెట్టి చూడు. తన శబ్దాన్ని నువ్వు పోల్చుకోలేవా?”

ఉల్దిస్ సింథసైజర్ మీద లేని దుమ్మును చేత్తో తుడిచాడు.

“పెట్టి చూశానండీ. మూడు రంధ్రాల్లో పెట్టినప్పుడూ తనదే అనిపించింది.”