ఒకటి నొక్కితే వచ్చినట్టు

హలో… ఆ, నేనే… అమ్మనే, దేవీ… సోములు మావ ఫోన్లోంచి సేస్తన్నాను.

…

మీ అయ్య ఫోనా?… పొద్దున్నించీ కలవడంనేదా… అది తడిసిపోనాదే. నీళ్ళల్లో పడిపోనాది… ఆ, ఫోనే. ఫోనే పడిపోనాది.

…

నాకేటయినాదే, బాగానే ఉన్నాను. జలుబు. గొంతు పట్టీసినాది… నువ్వు తిన్నావా?… ఏటి తింతన్నావు?… ఉప్మా ఒక తిండేటే, రేపు పరీచ్చ ఎట్టుకుని… సరేలే, హాస్టలోళ్ళు ఏదెడితే అదే కదా.

…

ఎందుకు సేసినానంటే… నీ కంప్యూటరు మొండికెత్తినాదే. ఉండు, ఫోను దాని దగ్గరెడతాను… ఇన్నావా? నువ్వు అందులో ఎట్టెల్లిన నీ గొంతే. "అయ్య వచ్చినాడా? అయ్య వచ్చినాడా?" ఊపిరి తీసుకోకుండా అడగతన్నాది. వీధి వీధంతా ఇనబడతన్నాది.

…

ఉండే, మీ తవిటమ్మత్త వచ్చినాది. దానితో ఓ మాట సెప్పొస్తాను. ఫోను ఎట్టీకు, లైన్లోనే ఉండు —

— వదినా, నీకు దండం ఎడతాను, ఆ ఏడుపు కొంగులో కుక్కుకో. నీ తమ్ముడు పోనాడని పిల్లకింకా తెల్దు. రేపు పొద్దున్న దానికి పరీచ్చ. అదయ్యాక సోములెల్లి తోలుకొస్తాడు… ఎలగ దాస్తానని నన్నడగతావేటి? ఒక్క పూటే కదా. ఆ మంచం మీదున్న మనిషి ఇంకెక్కడికీ ఎల్లడు. ఒక్క పూట దాని సదువు దాన్ని సదువుకోనీ —

ఆ, దేవీ, సెప్పు… ఎవరు ఏడస్తన్నారా?… టీవీ. టీవీలో సీరియలు. మద్దేన్నం ఏస్తారు కదా.

…

నొక్కినానే. పొద్దు నడినెత్తికొచ్చినాక మొదటిపాలి అడిగినాది. రానేదని రెండు నొక్కినాను. "సరేనమ్మా, కాసేపాగి అడగతాను" అన్నాది, ఊరుకున్నాది. మళ్ళీ అడిగినాది. మళ్ళీ రెండే నొక్కినాను. రోజూ జరిగేదే కదా, ఒకోరోజు సేపలు పడకపోతే ఆలీసమయిపోతాది…

…

ఆ తరవాతా?… ఆ తరవాత… వచ్చీసినాడు… ఆ, మీ అయ్యే. ఇంట్లోనే ఉన్నాడు.

…

అదే కదా సెప్తన్నాను. మీ అత్త ఒకటి నొక్కినాది. తీసుకోనేదు. నేను నొక్కినాను, సోములు నొక్కినాడు. ఎంత నొక్కినా ఇననట్టే ఉన్నాది. మళ్ళీ అదే మాట, "అయ్య వచ్చినాడా?"

…

ఓసి పిచ్చి గుంటా, నీ లెక్క తప్పనెవరన్నారు?… ఆ, మొదట్లో తప్పినాది, ఎందుకు మరిసిపోతాను. సమానం గీతలు రెండు ఎట్టాల్సిన కాడ ఒక గీతే ఎట్టీసినావు. ఒకటి నొక్కినా, రెండు నొక్కినా, సివరికి పిల్లి తొక్కినా "అయ్య వచ్చీసినాడు" అనీసీది. మీ అయ్య అప్పటికింకా నడి సముద్రంలో ఉండీవాడు!… నువ్వు కూకుని ఏడుస్తంటే ఆయన నవ్వు. "నేను ఏ నీళ్ళల్లో ఉన్నా నా కూతురు కంప్యూటరు నన్ను ఇంటికి తెచ్చీస్తాది" అని రేవులో అందరికీ సెప్పుకు తిరిగినాడు… ఆ రెండో గీత ఎట్టీదాకా నీకు కూడు దిగనేదు…

…

ఏటీ?… ఏటీ నేదే. నవ్వొచ్చినాది. అంతే.

…

తెర మూలనున్న ఇంటూ గుర్తు నొక్కాలా?… మూస్తే మూసుకుంతాదిలే గానీ, మళ్ళీ కంప్యూటరు ఎలిగించగానే అదే ముందు లెగుస్తాది కదే. నువ్వే అలగ ఎట్టినావు… స్పీకరు వైరు పీకితేనా? అది నోరు నొక్కినట్టే కదా. లోపల అడగతానే ఉంతాది… ప్లగ్గు పీకీమని మీ మావ ఒకటే గోల. నేనే ముట్టుకోనివ్వనేదు. వానాకాలంలో అలగే పీకీసినాడు కదా, అది మళ్ళీ లెగనేదు. మీ అయ్య దాన్ని తువ్వాల్లో సుట్టుకుని, సంటిపిల్లని ఎత్తుకున్నట్టు రైల్లో ఒళ్ళో ఎట్టుకుని ఆమదాలవలస తీసుకెల్లినాడు. ఆ షాపు కుర్రోడు ఏదో ముక్క ఊడదీసి, రబ్బరెట్టి రుద్ది, మళ్ళీ ఎట్టగానే ఎలిగినాదంత. ఇంటికొచ్చి, "దానికి పీక పిసికితే సస్తాదే, అడిగిందానికి జవాబు సెప్పి పడుకోబెట్టాల" అన్నాడు… అందుకే నీకు సేసినాను. జవాబు సెప్పి పడుకోబెడదామనే.

…

కుడిపక్క అంకెలా?… ఇందులో నేవు. ఇది పొట్టి కీబోర్డు కదా… ఆ, పైవరసలోదే. ఒకటి… లోపలికి దిగిపోయి అలగే ఉండిపోనాది. పైకి లెగడంనేదు… పక్కనున్న రెండు బాగానే టిక్కుమంతన్నాది.

…

అదొక్కటే ఎందుకు పాడయినాదంటే ఏటి సెప్పనే? అదొక్కటీ మీ అయ్యది కదా. రెండు నేను నొక్కాల, ఒకటి ఆయనొచ్చి నొక్కాల. ఇంకెవరు నొక్కినా ఊరుకునీవాడా? నీళ్ళు కారతా కారతా వచ్చి, గుమ్మంలో వల పడీసి, సెయ్యయినా తుడుసుకోకుండా ముందదే నొక్కీవాడు. "అయ్య వచ్చీసినాడు, అన్నం ఎట్టమ్మా" అని నీ గొంతుతో అది అంటే… "ఇన్నావా, నా కూతురు సెప్పినాది, ఎట్టు మరి" అని పీటేసుకుని కూకునీవాడు… రోజూ ఉప్పునీళ్ళు తాగి తాగి పట్టీసినాది అది. దాని తప్పేటున్నాది?

…

సెంచా కాడతో పైకి లేపాలా?… ఉన్నాది, ఉండు, తెస్తాను —

— సోములూ, మంచం కింద నీళ్ళు కారిపోతన్నాయిరా. ఇంకో దిమ్మ దంచి తల దగ్గర ఎయ్యి. రేపు పిల్లొచ్చీసరికి మొకం సూసినట్టుండాల —

ఆ, తెచ్చినాను… దిమ్మా? ఐసు దిమ్మే… మీ అయ్య… ఇయ్యాల సేపలు బాగా పడినాయే. సేపలకి.

…

నిజమే సెప్తన్నాను. అబద్దమెందుకాడతాను… నువ్వు ముందిది సెప్పు. కాడ కిందనించి ఎట్టాలా?… మెల్లగానే లేపుతున్నాను… ఇరిగిపోతాదేమోనే… ఆ. ఊడొచ్చీసినాది.

…

లోపల తెల్లగా ఉన్నాది. ఉప్పు. గట్టిగా పేరుకుపోనాది… ఇంకేదో మెరుస్తన్నాదే… ఉండు, గోరుతో తీస్తాను…

…

పొలుసు.

…

కవళ్ళ సేప పొలుసే. నిన్న పడినవి కవళ్ళే కదా… నిన్న ఆయన ఏలికి అంటుకున్నాదే ఇది. నొక్కినప్పుడు ఇందులో దిగిపోనాది.

…

ఇంటన్నాను… ఏడవడంనేదే. జలుబని ఎన్నిపాల్లు సెప్పాల నీకు?… పారీమంతావా?… పారీను. కొంగుకి ముడేసుకున్నాను… ఎందుకంటే ఏటి సెప్పను? ముడేసుకున్నాను, అంతే.

…

ఆ, దూది ఉన్నాది. శానిటైజరూ ఉన్నాది… తుడిసినాను… మళ్ళీ తుడిసినాను… ఆరనిచ్చి?… ఊదుతున్నాను ఉండు… ఆ, ఎట్టినాను. టక్కున కూకున్నాది… లెగుస్తన్నాది. ఏలెడితే దిగతన్నాది, తీస్తే లెగుస్తన్నాది. బాగయిపోనాదే దేవీ. నా తల్లే. అక్కడెక్కడో కూకుని బాగుసేసీసినావు.

…

ఇప్పుడా?… నొక్కుతాను… ఒకటే… ఆ, ఏలెట్టినాను.

…

నొక్కుతానే, కంగారెట్టకు… అడగనీ, అడిగితే అడగనీ. నీ గొంతే కదా…

…

వచ్చినాడే. వచ్చినాడనే కదా సెప్పినాను.

…

మీ అయ్యకా? ఫోను ఇయ్యమంతావా?… పడుకున్నాడు… అలిసిపోయి పడుకున్నాడు… ఎలగ లేపనే?… నేను లేపలేను… ఎవరు లేపినా…

…

దేవీ, నాకొకటి సెప్పు. ఇది నొక్కితే అన్నం ఎట్టమంతాది కదే. నీ గొంతుతోటే అంతాది. నేనెవరికి ఎట్టనే?

…

నడిసొస్తే ఒకటి నొక్కమన్నావు. రాకపోతే రెండు నొక్కమన్నావు. నలుగురు మోసుకొచ్చి గుమ్మంలో దించితే ఏటి నొక్కాలో నువ్వు సెప్పనేదు కదే. దానికి నువ్వేటీ ఎట్టనేదు కదే…

…

…

దేవీ… ఉన్నావా?… ఏదో ఒకటనవే… ఒక్క మాటనవే…

…

అవును.

…

అవునే తల్లీ. మీ అయ్యే… తెల్లారగట్ల బాగానే ఎల్లినాడు. తిరిగొస్తంటే ఏరు సముద్రంలో కలిసే మొగకాడ కెరటం లెగిసి పడవని తిరగేసీసినాది. కూడా ఉన్న గోవిందు ఈదుకొచ్చీసినాడు. మీ అయ్య కాలికి వల సుట్టుకున్నాదంత… ఈత రాక కాదే. ఆయనకా ఈత రాదు? వల ఒగ్గనేదు. వలే ఆయన్ని ఒగ్గనేదో ఏటో, నాకేటి తెల్సు…

…

ఏడు. ఏడీ. నేనూ ఏడస్తన్నాను. ఇందాకటినించీ టీవీ కాదు, మీ అత్తే.

…

తిట్టు. ఎంత తిడతావో తిట్టు… సెప్పకూడదనే సేసినానే. రేపు నీ పరీచ్చ అయిపోయీదాకా సెప్పకూడదని అందరితో ఒట్టేయించినాను. దీనికి జవాబు సెప్పీసి, నీతో నాలుగు మాటలాడి ఎట్టీద్దామనుకున్నాను. ఇటు ఇది నీ గొంతుతో "అయ్య వచ్చినాడా" అంతన్నాది, అటు నువ్వు అదే అడగతన్నావు. ఇద్దరికీ అబద్దం సెప్పలేకపోనాను.

…

పరీచ్చా?… రాసీసి రా… వద్దు, రాయకు… నాకు తెల్దే, నన్నడక్కు. మీ మావ ఇప్పుడే బయల్దేరతాడు. కోటబొమ్మాళి టేసన్లో ఏ బండి దొరికితే అదెక్కి విజయనగరం వచ్చీస్తాడు. నువ్వొక్కర్తివీ బయల్దేరకు. ఆడొచ్చీదాకా కదలకు.

…

దేవీ, తిట్టకు గానీ… ఆ రెండు గీతల్లో ఒకటి తీసీడం ఎలగో సెప్తావా?… అప్పుడేది నొక్కినా వచ్చీసినాడనీది కదా. ఆయన నడి సముద్రంలో ఉన్నా వచ్చీసినాడనీది. వచ్చీవాడు కూడాను. అన్నం టయానికి వచ్చీవాడు…

…

తప్పు లెక్కా… ఆ, తప్పు లెక్కే. తెలుసు నాకు.

…

ఏటీ?… ఏటంతన్నావు? ఏడవకుండా సెప్పమ్మా, తెలీడంనేదు…

…

ఒకటి వద్దా.

…

రెండా?… రెండు నొక్కితే ఇంకా రానేదని కదే. మనిషి అక్కడ మంచం మీద… 

…

నువ్వు సూసీదాకా రానట్టేనా.

…

సరే. సరే నా తల్లే. నువ్వు సూసీదాకా రానట్టే. నేనూ అలగే అనుకుంతాను… నొక్కుతున్నాను.

…

ఇన్నావా? "సరేనమ్మా, కాసేపాగి అడగతాను" అన్నాది… ఊరుకున్నాది. ఇల్లంతా ఒక్కపాలి ఊరుకున్నాది.

…

ఆ, మళ్ళీ అడగతాది. అడగనీ. ఇందాక నోరు మూయించాలనుకున్నాను గానీ, అడగనీ. నువ్వు గుమ్మం ఎక్కీదాకా అడగతానే ఉండనీ. అడిగినప్పుడల్లా రెండే నొక్కుతాను. నేను లెగలేకపోతే మీ అత్త నొక్కుతాది.

…

నీ దగ్గరెవరున్నారు?… బిందు ఉన్నాదా. దాని సెయ్యి పట్టుకో. మంచినీళ్ళు తాగు. ఉప్మా ఒగ్గీకు, రెండు ముద్దలు తిను… తినలేవులే. సరే, తినకు… ఫోను నువ్వే ఎట్టీ అమ్మా. నేను ఎట్టలేను. నువ్వే…

…

దేవీ?… హలో?…

…

ఎట్టీసినాది, వదినా. ఈ ఫోను సోములుకిచ్చీ, బేగి బయల్దేరమను… ఆ కంప్యూటరు జోలికి ఎవరూ ఎల్లకండి. మళ్ళీ అడిగితే రెండు నొక్కండి. ఒకటి మీద సెయ్యెయ్యకండి, ఆ ఒకటి దేవి వచ్చి నొక్కుతాది.