కొర్రల డబ్బాలో నువ్వుల ఉండలు

శిరివెళ్లలో ఆ పొద్దున అత్త కొర్రల డబ్బాలో చెయ్యి పెట్టి, నువ్వుల ఉండలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. బిందె చంకనెత్తుకుని నీళ్లకు బయలుదేరిన కోడలు గడపలోనే ఆగిపోయింది.

“ఏందిమే ఇవి? పదకొండుండాయి.”

“నేనే పెట్టినా అత్తా.”

“రోట్లో దంచి దంచి నా చేతులు బొబ్బలెక్కినాయి. ఏ కాలంలో పండేది ఆ కాలంలో తినమని నంద్యాల డాక్టరమ్మ గూడా చెప్పె గదా?”

“చెప్పె.”

“మునగాకు తింటాండావు, కొర్రన్నం తింటాండావు. నువ్వులేం పాపం జేసినాయి?”

“నువ్వులు వేడి గదత్తా.”

“వేడనే గదా తినమనేది! నెల సరిగ్గా వచ్చాది, కడుపు పండుతాది. మొన్నటిదాకా తింటివి గదా?”

“తింటి.”

“మరిప్పుడేమొచ్చె?”

కోడలికి మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంతకుముందు రెండుసార్లూ అంతే. నోరు తెరిచి చెప్పిన వారం తిరక్కముందే కడుపు పోయింది.

“నన్నడగొద్దత్తా. నీ కాళ్లు మొక్కుతా.”

అత్త గోడమీది క్యాలెండర్ వైపు చూసి, చూడకూడనిది చూసినట్టు గభాలున చూపు తిప్పుకుంది.

“ఎన్నాళ్ల నుంచి దాస్తాండావు?”

“దినానికొకటి.”

అత్త ఉండలను మళ్లీ లెక్కపెట్టింది. ఈసారి ఒక్కో ఉండకు ఒక్కో దినం చొప్పున.

“నేనేమీ అడగలేదు. నువ్వేమీ చెప్పలేదు,” అంది గొంతు తగ్గించి. “ఆ బిందె కింద పెట్టు. నీళ్లు నేను తెస్తా.”