ఖాళీ ఖాతాకి సంతకం

ఒహాయోలోని ఒక ఆడవాళ్ళ జైల్లో, తోటి ఖైదీలకు అర్జీలు రాసిపెట్టే లోరెటా, కొత్తగా వచ్చిన జోలీన్ కాగితాలు చూసి నవ్వింది.

"కోర్టు ఫీజు నాలుగొందల డాలర్లే పిల్లా."

"చిల్లిగవ్వ లేదక్కా."

"అయితే మాఫీ అడుగు. నీ జైలు ఖాతా ఖాళీ అని, ఖైదీల డబ్బు లెక్కలు చూసే గుమాస్తా హాల్వర్సన్ సంతకం పెట్టాలి."

"నా ఖాతాలోంచి అయిదొందలు మింగాడని కేసేస్తున్నది వాడి మీదేగా!"

"అందుకే నవ్వొస్తోంది. ఖాళీ అని రాస్తే వాడే దొరికిపోతాడు. అందుకని అయిదొందలూ భద్రంగా ఉన్నాయని రాస్తాడు. నువ్వు మహారాణివైపోతావు, నీ మాఫీ హుళక్కి!"

"రాయనీ అక్కా. మాఫీ ఎవరిక్కావాలి?"

"మరి ఫీజో?"

"ఆ భద్రంగా ఉన్నవాటిలోంచే కట్టమందాం. ఎవడి జేబులోంచి తీస్తాడో చూద్దాం."