మూడు మడతల పావడా

“అవ్వా, గర్భసంచి ముఖద్వారం దగ్గర కణాలు కొంచెం మారినాయని నా రిపోర్టులో రాసినారు. నీకూ అప్పట్లో ఇట్లే వచ్చిందని అమ్మ చెప్పింది.”

వచ్చింది తల్లీ. ఈడ కూచో, చెప్తాను. అప్పుడు మేం తిరుమల కొండమీద ఉండేవాళ్ళం. మీ తాతకు గాజులంగడి. ఉండేది ఒకే గది, అందుకని మీ అమ్మను, మీ పిన్నమ్మను నాయుడుపేటలో మా అమ్మ దగ్గర పెట్టి చదివిస్తా ఉంటిమి. నెలకోసారి బస్సెక్కి పోయేది. మిగతా దినాలన్నీ జాబులే. నీళ్ళు కాంచి తాగండి, ఎండలో తిరగొద్దండి అని. పోస్టాఫీసు నీవల్లే నడస్తా ఉండాదే అని మీ తాత నవ్వేవాడు.

కింద తిరుపతి ఆస్పత్రిలో పరీక్ష చేసినారు. పుల్లతో రవ్వంత తీసి గాజుపలక మీద పూసి... నొప్పేం లేదులే. కొన్నాళ్ళకు చీటీ వచ్చింది, కొంచెం మార్పు ఉండాది, ఆరు నెలలకు మళ్ళా రావల్లని. నేను ఎవర్నీ అడగలా. క్యాన్సరే అనుకున్నా. ఆ చీటీ బియ్యం డబ్బాలో దాచి, కుట్టుమిషన్ ముందర కూచున్నా.

వానలకాలం అది. మబ్బు కిటికీలోనించి గదిలోకే వచ్చేది, గుడ్డంతా చెమ్మ. ఆ తెల్లటి దాంట్లో మిషన్ తొక్కతా ఉంటే పిల్లోళ్ళు యాడనో మాట్లాడతా ఉన్నట్టే ఉండేది. పచ్చ పావడాలు. పిల్ల పెరిగితే విప్పేదానికి అడుగున ఒక మడత పెడతాం గదా, నేను మూడు పెట్టినా. కాదు కాదు, చిన్నదానికి నాలుగు. నేను లేకపోయినా పెద్దయ్యేదాకా సరిపోవల్లని.

మీ తాత ఎత్తి చూసినాడు. “ఏందే, నీ కూతుర్లు కొబ్బరిచెట్ల మాదిరి పెరగతారా?” అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. చీటీ తీసిచ్చినా. మర్నాడే కిందికి పిలుచుకోని పోయినాడు.

నర్సమ్మ చీటీ చూసి, “ఆరు నెలలకు రమ్మంటే అప్పుడే వచ్చినావే?” అనింది. మళ్ళా నెమ్మదిగా చెప్పింది. “ఇది క్యాన్సర్ కాదమ్మా. కణాలు కొంచెం మారినాయి, అంతే. శానామందికి వాటంతటవే సర్దుకుంటాయి. సర్దుకున్నాయో లేదో చూడల్ల గదా, అందుకే రమ్మనేది. ఆ దినం మాత్రం తప్పొద్దు.”

తప్పలా. ఆరు నెలలకు పోతే అంతా బాగుండాదని రాసిచ్చినారు. ఇప్పుడు పరీక్షలు వేరేగా ఉంటాయేమో, మీ డాక్టరమ్మ ఎప్పుడు రమ్మనిందో అప్పుడు పో.

ఆ మడతలా? ఏడాదికొకటి నేనే విప్పినా. పైనంతా ఎలిసిపోయి, విప్పినచోట కొత్త పచ్చ. ఒకదాని కింద ఒకటి గీతలు. బడిలో నవ్వుతారని మీ అమ్మ సిగ్గుపడేది. నాకు మాత్రం ఎంతసేపు చూసినా...

నీ బిడ్డకూ కుట్టు తల్లీ. ఒక్క మడత చాలు. మళ్ళేడు ఇంకో పావడా నువ్వే కుడతావు.